మోగనిది బండెక్కొద్దు

ముందుగా, చదివేవాళ్లు నన్ను మన్నించాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది మనవరాలు పుట్టాక. ఒత్తులు తప్పుతాను, దీర్ఘం ఎక్కడ తీయాలో తడుముకుంటాను, ఒక్క పేజీకి రెండు పూటలు పడుతుంది. ఇంకో తప్పు కూడా చేస్తున్నాను. నా భర్త పేరు నోటితో ఏనాడూ పలకలేదు. కాగితం మీద రాస్తే ఏం కాదని మా అమ్మాయి తబితా అంటే రాస్తున్నాను. ఆయన పేరు జకర్యా.

ఆ ఉదయం కూడా జకర్యా అందరూ చాయ్‌కి వెళ్లేదాకా ఆగాడు. షెడ్డు ఖాళీ అయ్యాక గోడ పగులులోంచి వెదురు బద్దను బయటికి తీశాడు. పాత పట్టాల మీద బ్రేకు దిమ్మలు వరుసగా ఉన్నాయి. గూడ్సు పెట్టె చక్రాన్ని ఒత్తి పట్టి ఆపే ఇనుప దిమ్మలవి. ఒక్కోటి ఏడాది బిడ్డంత బరువు. బద్ద ఒక కొసను దిమ్మకు ఆనించాడు. రెండో కొసను పళ్ల మధ్య పట్టుకున్నాడు. సుత్తితో కొట్టాడు. దవడలో జుమ్మని కదిలింది. బద్ద తీసి, సుద్దతో తన గుర్తు పెట్టి, తర్వాతి దిమ్మ దగ్గరికి జరిగాడు.

పొట్టి మనిషి. సుత్తి పట్టే వైపు భుజం కిందికి దిగిపోయింది. ఎంత రుద్దినా చెవి మడతల్లో ఇనుప పొడి పోయేది కాదు. ఎవరు పలకరించినా నవ్వేవాడు. ఆ నవ్వును అందరూ మంచితనం అనుకునేవారు. నిజానికి ఆయనకు వినబడేది కాదు.

ఆ కంపెనీ జోయెల్ సారు పెట్టింది. మొదట్లో అది సారపాకలో ఒక రేకుల షెడ్డు. పేపరు మిల్లుకు వెదురు తోలే లారీలకు అందులో బ్రేకు పట్టీలు మార్చేవారు. ఒకసారి అడవి దారిలో దిగుతున్న వెదురు లారీకి బ్రేకు పడలేదు. డ్రైవరు పోయాడు. ఆ బ్రేకు తన షెడ్డులో వేసిందే, సరుకు మాత్రం బయటి నుంచి వచ్చింది. ఇక బయటి సరుకు ముట్టనని జోయెల్ సారు కొలిమి కట్టించి తనే పోత పోయించాడు. లారీల బ్రేకు డ్రమ్ముల తర్వాత బొగ్గు పెట్టెలకు దిమ్మలు పోశారు. ఇప్పుడు ఇనుము లేని కొత్తరకం దిమ్మలు వచ్చి ఒక కొలిమి ఆరిపోయింది. గనుల దగ్గర తిరిగే పాత పెట్టెలకు మాత్రమే ఇక్కడి సరుకు పోతోంది.

జోయెల్ సారు పెట్టిన కట్టడి ఒకటి ఉంది. పోత పోసిన ప్రతి దిమ్మనూ సుత్తితో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, దబ్బుమంటే లోపల పగులు ఉన్నట్టు. కొట్టినవాడిదే పూచీ. "మోగనిది బండెక్కొద్దు," అనేవాడు. ఆ పనికి జకర్యాను ఎంచుకున్నది చర్చిలో డోలక్ వాయిస్తుంటే చూసి. శ్రుతి కొంచెం జారినా పాట మధ్యలో ఆపి బిగించేవాడు జకర్యా. "నీ చెవి నాకు కావాలె," అన్నాడట జోయెల్ సారు.

ఆ చెవే పోయింది. ఏళ్ల తరబడి ఇనుము మీద ఇనుము కొడితే ఉంటుందా? ముందు పిట్టల కూత పోయింది, తర్వాత పిల్లల మాట, ఆ తర్వాత డోలక్. చర్చిలో పక్కవాళ్లు లేచినప్పుడు లేచి, పెదవులు కదిలించేవాడు. ఇంట్లో మాకు కొంచెం వినబడదని తెలుసు, అంత అని తెలియదు. చెవిని చూసి ఇచ్చిన పనిలో చెవి లేకుండా ఉన్నానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. బద్దను పళ్లతో పట్టే ఉపాయం తనే కనిపెట్టాడు. మంచి దిమ్మ కణతల దాకా జుమ్మంటుంది. పగిలింది కొట్టగానే చచ్చిపోతుంది. ఆ తేడా ఆయన పళ్లకు బాగా తెలుసు.

బద్ద పట్టీ పట్టీ ముందు పళ్లు కదిలి రాలాయి. తబితా బిడ్డకు బాప్తిస్మం దగ్గరపడింది. "ఫోటోలో నవ్వాలె నాన్నా," అని పట్టుబట్టి ఖమ్మం తీసుకెళ్లి కట్టుడు పళ్లు పెట్టించింది. ఆ వారమంతా జకర్యా కొత్త పళ్లతోనే దిమ్మలు చూశాడు. అన్నీ జుమ్మన్నాయి. పోత బాగా కుదిరిందని సంతోషపడ్డాడు.

ఆ ఉదయం చాయ్ తాగి ముందుగా వచ్చింది లారీ డ్రైవర్ రామ్‌సింగ్. జకర్యా గబుక్కున బద్ద దాచాడు.

"ఏందన్నా, పండ్లు వెట్టినంక పెండ్లికొడుకు లెక్కున్నవ్! వదినె దిష్టి తీసిందా లేదా?"

జకర్యా నవ్వాడు. రామ్‌సింగ్ పోయి లారీ మీద పరదా కట్టసాగాడు. వారం సరుకంతా అందులో ఉంది. అది పొద్దుగూకేలోపు కొత్తగూడెం చేరాలి.

బద్ద దాచే తొందరలో జకర్యా కాలు తగిలి చివరి దిమ్మ పట్టా మీంచి కింద పడింది. అడ్డంగా వెంట్రుకంత గీత విచ్చుకుంది. కంటికి కనబడే పగులు. తుక్కులో వేయబోయి, ఎందుకో ఆగాడు. బద్ద ఆనించి కొట్టాడు.

జుమ్మంది.

మళ్లీ కొట్టాడు. అదే జుమ్ము. కదులుతున్నది దిమ్మ కాదు, చిగుళ్ల మీద వదులుగా కూర్చున్న కట్టుడు పళ్లు. ఏది కొట్టినా అవి అలాగే అంటాయి. షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. బయట రామ్‌సింగ్ చివరి ముడి వేస్తున్నాడు.

జోయెల్ సారు కొడుకు క్రిస్టోఫర్ లారీ పక్కనే ఉన్నాడు. పనివాళ్లంతా చాయ్ నుంచి తిరిగి వస్తున్నారు. వాళ్లు లోపలికి వెళ్లేదాకా ఆగుదామనుకున్నాడు జకర్యా. ఇంజన్ పొగ వదిలింది. ఆగలేకపోయాడు.

"బాబూ, లోడు పోవద్దు."

"ఏమైంది మామా?"

"నాకు వినబడదు."

క్రిస్టోఫర్ ఏదో అడిగాడు. జకర్యా ఆయన నోరే చూస్తున్నాడు. రామ్‌సింగ్ కిందికి దిగి చెవి దగ్గర అరిచాడు: "ఎప్పటిసంది అని అడుగుతుండు!"

"మీ నాయిన పోకముందునుంచే."

జకర్యా కట్టుడు పళ్లు తీసి చొక్కా జేబులో వేసుకుని, బోడి చిగుళ్లతో బద్ద పట్టి ఎలా చూసేవాడో చూపించాడు. చొల్లు కారింది. వెనక ఎవడో, "బర్రె చొప్ప నమిలినట్టే ఉంది," అన్నాడు. కొందరు నవ్వారు. ఆయనకు మాట వినబడలేదు, నవ్వు కనబడింది.

"మరి ఇన్నేండ్లు పంపిన సరుకు?" రామ్‌సింగ్ చేత అరిపించాడు క్రిస్టోఫర్.

"అవి నా సొంత పండ్లు చూసినయ్ బాబూ. అవి అబద్ధం చెప్పలే."

క్రిస్టోఫర్ నమ్మాడో లేదో ఆ ముఖంలో తెలియలేదు. రామ్‌సింగ్ గొణుక్కుంటూనే ముడులు విప్పాడు. దిమ్మలన్నీ దించారు. క్రిస్టోఫర్ చొక్కా చేతులు మడిచి ఒక్కొక్కటే కొట్టాడు. జకర్యా ఎదురుగా కూర్చుని ఆయన కనుబొమలు చూస్తూ ఉన్నాడు. అవి ముడిపడినప్పుడల్లా ఒక దిమ్మ పక్కకు పడేది. జకర్యా లేచి వెళ్లి దాని మీది తన సుద్ద గుర్తును అరచేత్తో తుడిచి వచ్చేవాడు.

సాయంత్రం క్రిస్టోఫర్ ఆయన భుజం మీద చెయ్యి వేసి సైగ చేశాడు. రేపు రా, గేటు కాడ కావలి కూర్చో. జకర్యా తలూపాడు.

ఇంటికొచ్చి, చీకటి పడ్డాక, తలుపు వేసి జరిగిందంతా నాకు చెప్పాడు. గుసగుసగా చెబుతున్నాననుకున్నాడు. తన గొంతు తనకు వినబడదు కదా. వాడకట్టంతా విన్నది. ఆపుదామని చెయ్యి పట్టుకున్నాను. ఓదారుస్తున్నాననుకుని ఇంకా చెప్పాడు. తెల్లారి పంపు దగ్గర జనం ముఖాలు చూశాక తెలిసింది ఆయనకు. నిండని బిందెతోనే తిరిగి వచ్చాడు.

గేటు దగ్గరికి పోలేదు. చర్చికీ పోలేదు. బాప్తిస్మం ఫోటోలో నోరు మూసుకునే నిలబడ్డాడు. వానలు మొదలైన వారం, ఒక తెల్లవారుజామున గంజి తెచ్చి తట్టి లేపితే లేవలేదు.

సమాధి పని అయిన మరునాడు క్రిస్టోఫర్ వచ్చాడు. "తెప్పియ్యడం ఆలస్యమైంది అత్తా," అని ఒక చిన్న డబ్బా నా చేతిలో పెట్టి, కూర్చోకుండానే వెళ్లిపోయాడు. చెవికి పెట్టుకునే మిషను. బ్యాటరీ మీద అతికించిన నారింజరంగు కాగితం పీకితే గాని అది పని చేయదని తబితా చెప్పింది. డబ్బా నా పెట్టెలో చీరల మధ్య ఉంది. కాగితం ఇంకా ఎవరూ పీకలేదు.

ఆరోగ్యమ్మ, అరవై ఆరేళ్లు. ఇప్పుడు కుసుమంచిలో, బిడ్డ ఇంట్లో.