చూసుకునే మనిషి

మొగుడు పొద్దున్నే లేచి టీ పెట్టి తెచ్చిచ్చేసరికి ఆమెకి గుండె గుభేలుమంది. టీ బాగాలేక కాదు. బాగానే ఉంది, అదింకా పెద్ద అనుమానం. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకి వంటింట్లో పొయ్యి ఏ మూల ఉంటుందో తెలుసన్న సంగతే ఆమెకి తెలీదు. మధ్యలో ఒక్కసారి మాత్రం "పంచదార డబ్బా ఎక్కడోయ్?" అని అరిచాడు. అది విన్నాక కాస్త ధైర్యం వచ్చింది, మనిషి మరీ మారిపోలేదులే అని. గ్లాసు చేతికిచ్చి, "కూర్చో కూర్చో, లేవకు" అన్నాడు. ఆ ఇంట్లో "లే" అన్నవాళ్లే గానీ "లేవకు" అన్నవాళ్లు లేరు. ఆమె గ్లాసులోకి ఓసారి తొంగి చూసింది. ఆమె చూస్తోందని ఆయనా వంగి చూశాడు. ఇద్దరూ కలిసి టీలోకి చూశారు. ఈగ కూడా లేదు.

"ఏంటలా చూస్తావ్? విషం కలిపాననుకున్నావా?" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే, ముందు ఆయన్ని ఓ గుక్క తాగమందామా అనుకుంది.

అక్కడితో అయిపోతే పోనీలే అనుకునేది. అత్తగారు వచ్చి, "నడుం నొప్పి ఎలా ఉందమ్మా?" అంది. ఏమే, ఇదిగో, ఎక్కడ చచ్చావ్ అన్న పిలుపులు తప్ప ఆ నోట్లోంచి అమ్మా అన్న మాట కోడలి కోసం ఎప్పుడూ బయటికి రాలేదు. నడుం నొప్పికి ఆవిడ ఇదివరకే పేరు పెట్టింది, పనిదొంగ నొప్పి అని. ఇప్పుడు అదే నడుముకి మందు రాస్తానంటోంది. ఇక మరిది అయితే తిన్న కంచం తనే కడిగాడు. కడిగాడు గానీ ఎక్కడ పెట్టాలో తెలీక, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గది గదికీ తిరిగాడు. "బోర్లించు నాయనా" అని ఆమె చెప్పాక గానీ దించలేదు. ఒక్కళ్లు మంచివాళ్లయితే సంతోషించొచ్చు. ముగ్గురూ ఒకే పొద్దున కూడబలుక్కున్నట్టు మంచివాళ్లయితే, మనకి ఏదో మూడిందని అర్థం. ఆమెకి ఆ మాత్రం లెక్క తెలుసు.

సంగతేంటంటే, వాళ్లది షికారు బోట్ల వ్యాపారం. ఇంటి వెనకే రేవు. మనిషికి ఒక్క బోటే అని రూలు ఉండబట్టి, ఒకటి మొగుడి పేరు మీద, రెండోది ఆమె పేరు మీద పెట్టారు. ఆమె సంతకం పెట్టిన వెంటనే ఆయన పెన్ను లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఓనరుగిరీ అంతసేపే సాగింది. ఆ తర్వాత దాని అడుగున పట్టిన పాచి గీకింది ఆమె. సీట్ల చిరుగులు కుట్టింది ఆమె. కడుపులో తిప్పిన పెద్దమనుషులు కక్కేసి దిగిపోతే కడిగింది ఆమె. వందమంది చెమట పట్టిన లైఫ్ జాకెట్లు ఉతికి, ఆరేసి, మడత పెట్టి, మళ్లీ ఆ కంపే తన జుట్టులో పట్టిందని మొగుడు పక్కకి తిరిగి పడుకుంటే, చప్పుడు కాకుండా లేచి తలస్నానం చేసింది కూడా ఆమే. వచ్చినవాళ్లతో ఆయన మాత్రం దర్జాగా చెప్పేవాడు, "నాదేం లేదండీ, అంతా మా ఆవిడే చూసుకుంటుంది" అని. ఆ మాట వినబడితే చీపురు పట్టుకునే నిటారుగా నిలబడేది పిచ్చిది. జీతం లేని ఉద్యోగానికి అదొక మెడల్ అనుకునేది. తనేమో చూసుకుంటోంది, వాళ్లేమో చూస్తున్నారు. ఆ రెండు మాటలకీ మధ్య ఎంత చాకిరీ ఉందో అప్పట్లో తట్టలేదు.

పోయిన వారం ఆ రెండో బోటు చీకటిపడ్డాక వెళ్లి ఒక చిన్న పడవని గుద్దింది. పడవలో వల వేసుకుంటున్నాయన నీళ్లల్లో పడ్డాడు. భుజం ఎముక విరిగింది, ప్రాణం దక్కింది. బోటు నడిపింది మరిది, ఎక్కింది వాడి స్నేహితులు. బోటు ముందు వెలగాల్సిన లైటు వెలగలేదు. వలలాయన పడవలో మాత్రం లాంతరు వెలుగుతూనే ఉందని అందరూ చెబుతున్నారు.

టీ తాగడం అవ్వగానే ప్లీడరు వచ్చాడు. అత్తగారికి తమ్ముడి వరస. కేసుల్లో గెలిచిన దాఖలా లేదు గానీ, భోజనం వేళకి వాయిదా తప్పడు. "రా అమ్మాయ్, కూర్చో" అని ఆమెకే కుర్చీ చూపించాడు, ఆమె ఇంట్లో, ఆమె తుడిచిన కుర్చీ.

"చూడమ్మాయ్, చట్టం చాలా సింపుల్. నిర్లక్ష్యంగా నడిపితే నడిపినవాడి మీదకి వస్తుంది. లైటు పాడైందని తెలిసీ పంపిస్తే పంపినవాడి మీదకి వస్తుంది. అదే, చూసుకునే మనిషి లైటు సంగతి మర్చిపోయింది, మిగతావాళ్లకి తెలీదు అని విచారణలో అన్నావనుకో, అది ఉత్త పొరపాటు. బోటు ఎలాగూ నీ పేరు మీదే ఉంది. ఇల్లాలివి. నాలుగు చివాట్లు పెట్టి వదిలేస్తారు."

"వదలకపోతే?"

"వదలకపోతే నేనుంటాను కదమ్మా!"

"మీరు బయటుంటారు బాబాయ్ గారూ. లోపల నేనుంటాను."

మరిది కిసుక్కుమన్నాడు. వాళ్లమ్మ వాడి తొడ మీద ఒక్కటేసింది. మొగుడు గొంతు సవరించుకున్నాడు. "అది కాదోయ్. వీడికి లైసెన్సు పోతే బతుకే పోతుంది. నా పేరు బయటికొస్తే రేవు వేలంపాట మనకి రాదు. నీకేముంది చెప్పు? ఉద్యోగమా సద్యోగమా, ఊడిపోవడానికి?"

ఆ మాట ఆయన తిట్టినట్టు అనలేదు. ప్రేమగానే అన్నాడు. అదే ఎక్కడో గుచ్చుకుంది. నిజమే, తనకేమీ లేదు కాబట్టి పోయేదీ లేదు. ఇంట్లో ఉత్త గోడ ఉంటే అక్కడ మేకు కొట్టుకుంటారు చూడండి, అలా తనని వెతికి పట్టుకున్నారు.

"నేను చెప్పాను కదండీ ఆ సాయంత్రం, లైటు వెలగడం లేదని" అంది.

"ఎప్పుడు చెప్పావ్?" అన్నాడు మొగుడు. అబద్ధమాడేవాడి మొహం కాదది. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కలగన్నావేమో!"

"నాతో అయితే చెప్పలేదు వదినా" అన్నాడు మరిది, గోడ గడియారంతో మాట్లాడుతున్నట్టు.

"దానికి మతిమరుపు తమ్ముడూ" అని ప్లీడరుకి చెప్పింది అత్తగారు, జబ్బుమనిషి గురించి చెప్పినట్టు జాలిగా. "మొన్న పాలు పొంగించేసింది. నా కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయింది." ఆ కళ్లజోడు ఆవిడ నెత్తి మీదే దొరికింది. కానీ ఆ ఇంట్లో వస్తువు ఎవరి నెత్తి మీదున్నా, మర్చిపోయేది కోడలే.

ఇక అక్కణ్ణుంచి ఆమెకి తన మీదే అనుమానం పట్టుకుంది. పొద్దుట్నుంచీ వాళ్లని అనుమానించింది, అందులో ఓ సుఖం ఉంది, ఎదురుగా మనుషులుంటారు. తన బుర్రనే అనుమానించాలంటే ఎటు తిరిగి చూడాలి? బట్టలు ఆరేస్తూ ఆలోచించింది. చెప్పానా, చెబుదామనుకున్నానా? అనుకున్నవి ఎన్ని నోటిదాకా వచ్చి ఆగిపోలేదు గనక? ఉప్పు తక్కువైందంటే "మీరే వేసుకోండి" అని ఎన్నిసార్లు అనుకుంది, ఎన్నిసార్లు అంది? లోపల అరిచిన అరుపులకీ బయటికి వచ్చిన మాటలకీ తేడా తెలీనంతగా కలిసిపోయాయా? బోటు ముందు లైటుని తడిగుడ్డతో తుడవడం గుర్తుంది. స్విచ్ నొక్కితే మిణుక్కుమని ఆరిపోవడం గుర్తుంది. మొగుడు సెల్లులోంచి తలెత్తకుండా "వెన్నెలుందిగా, లైటెందుకు" అనడం గుర్తుంది. అది ఆ రోజా, ఇంకో రోజా? మరిది స్నేహితుల్ని ఎక్కించుకుంటుంటే తను రేవు మెట్ల దాకా పరిగెత్తినట్టు, "నువ్వు వంటింట్లో లైటు చూసుకో వదినా" అని వాడంటే అందరూ ఘొల్లుమన్నట్టు... వాళ్లు కాదంటున్నారు. ముగ్గురు కాదన్నాక, ఒక్క మనిషికి గుర్తుండటం కూడా తప్పులాగే ఉంటుంది.

"ఆస్పత్రికి ఓసారి వెళ్లి రా" అన్నాడు మొగుడు మర్నాడు, పళ్ల సంచి చేతికిచ్చి. "ఆడవాళ్లు వెళ్తే బాగుంటుంది. కాస్త ఏడుపు మొహం పెట్టు. వీలైతే నిజంగానే ఏడువు." మంచి సలహా. ఆయనకి మాత్రం ఏడవడానికి తీరిక లేదు.

వార్డులో వలలాయన కట్టుతో పడుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడు. పక్కన స్టూలు మీద ఆయన భార్య దిండు గలీబు మారుస్తోంది. ఆమెని చూడగానే మొహం ముడుచుకుంది. "బోటు వాళ్లా? డబ్బిచ్చి సంతకం పెట్టించుకోడానికి వచ్చారా?" అంది. ఆ అనుమానం చూసి ఆమెకి కోపం రాలేదు, చుట్టం కనబడినట్టయింది.

"కాదమ్మా. పలకరించడానికి" అని రెండు ముక్కలు మాట్లాడిందో లేదో, ఆవిడ గలీబు ఒళ్లో వదిలేసి తలెత్తింది.

"ఆగండాగండి. ఈ గొంతు నేను విన్నాను."

"నాదా?"

"మీదే. ఆ రాత్రి నేను ఒడ్డునే ఉన్నాను, వల చిక్కులు తీస్తూ. మీ రేవు మీంచి ఎవరో ఆడమనిషి ఒకటే అరుపు, లైటు లేదు, ఆగు, ఆగమంటున్నానా అని. నీళ్ల మీద మాట ఎంత దూరమైనా పోతుంది కదా. బోటులో పాటలు పెట్టుకున్నవాళ్లకి వినబడలేదేమో గానీ, మాకు వినబడింది. మా ఆయనకీ వినబడింది. ఎవరా అని మీ వైపు తిరిగాడు. తిరగడం, బోటు మీద పడటం ఒకేసారి."

ఆమె మంచం కమ్మీ పట్టుకుంది. "నా అరుపు వల్లేనా?"

"అరుపు వల్ల భుజంతో పోయింది" అంది ఆవిడ, గలీబు మళ్లీ చేతిలోకి తీసుకుంటూ. "అరవకపోతే అటు తిరిగి వంగి ఉండేవాడు, వెన్ను మీద తగిలేది. డాక్టరు కూడా అదే అన్నాడు. పడవెళ్లే దారిలో లైటు లేకుండా వచ్చింది బోటు, మీ నోరు కాదు. ఇంతకీ మీవాళ్లు అంటున్నారట, లైటు సంగతి ఎవరికీ తెలీదని?"

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తన గొంతు తనే లోలోపల విని చూసుకుంది. ఆగమంటున్నానా. అబ్బో, అంత మాట అన్నదా! అప్పుడు గుర్తొచ్చింది, మెట్లెక్కి ఇంట్లోకి రాగానే అత్తగారు పెట్టిన చివాట్లు. "రేవులో ఏంటే ఆ బొబ్బలు? నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అని. అరిచినందుకు తిట్టిన మనిషే, ఇవాళ అరవనేలేదు, మర్చిపోయిందంటోంది. బస్సులో ఒక్కతే పైకి నవ్వేసింది. పక్కనున్నాయన కాస్త జరిగి కూర్చున్నాడు. జరిగితే జరిగాడు, చోటు వచ్చింది, సుఖంగా కూర్చుంది.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. "ఏడ్చావా?" అంటే "బాగా" అంది.

విచారణ రోజున బోట్ల ఆఫీసరు గదిలో ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. మొగుడు, మరిది, ప్లీడరు ఒక పక్క, ఆమె ఇంకో పక్క. దారి పొడుగునా ప్లీడరు ఆమె చేత పాఠం వల్లె వేయించాడు, మర్చిపోయాను సార్, మర్చిపోయాను సార్ అని. మర్చిపోవడం మర్చిపోకమ్మాయ్ అని జోకు కూడా వేశాడు.

"ఆ బోటు బాగోగులు ఎవరివి?" అన్నాడు ఆఫీసరు.

మొగుడు ఆమెకంటే ముందే అందుకున్నాడు, అలవాటైన నవ్వుతో. "అంతా మా ఆవిడే చూసుకుంటుంది సార్."

"అవునండీ, నేనే చూసుకుంటాను" అంది ఆమె. ప్లీడరు తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. "కడుగుతాను, కుడతాను, జాకెట్లు ఉతుకుతాను. ఆ సాయంత్రం లైటు వెలగడం లేదని చూసింది కూడా నేనే. ఈయనకి చెప్పాను. వెన్నెలుందన్నారు. మా మరిదికి చెప్పాను. నవ్వాడు. బోటు కదిలాక మెట్ల మీంచి అరిచాను. అవతల ఒడ్డున వలలాయన భార్య విన్నారు, ఆవిణ్ణి పిలిచి అడగండి."

ప్లీడరు కళ్లు తెరిచాడు.

"ఏంటోయ్ ఇది!" అన్నాడు మొగుడు, నోట్లోనే. "ఇంటి పరువు..."

"మీరు ఆగండి" అన్నాడు ఆఫీసరు. ఆమె వైపు తిరిగాడు. "చెప్పి, అరిచి, ఇంతా చేసినవాళ్లు బోటుని ఆపలేకపోయారా? ఓనరు మీరే కదమ్మా. మీ మీదకీ వస్తుంది ఇది."

"రానివ్వండి సార్. నా వంతు నేను కాదనను. ఒక మనిషి భుజం విరిగింది. కానీ ఎలా ఆపను? తాళం ఏ రోజూ నా చేతికి ఇవ్వలేదు."

"ఓనరు దగ్గర తాళం లేదా?"

అడిగినాయన మామూలుగానే అడిగాడు, పేరు అడిగినట్టు, వయసు అడిగినట్టు. కానీ ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనని తాను అడగలేదు. మొగుడు మరిది వైపు చూశాడు. మరిది ఫ్యాను వైపు చూశాడు. వాడి చెయ్యి మాత్రం దానంతటదే వెళ్లి ప్యాంటు జేబుని కప్పుకుంది.

"ఇకమీదట చీకటిపడ్డాక ఆ బోటు కదలదు సార్" అంది ఆమె. "కదిలితే నన్నే పట్టుకోండి." వెళ్లి మరిది ఎదురుగా నిలబడి, అరచెయ్యి చాపింది.

"వదినా, ఇంటికెళ్లాక..."

ఆమె చెయ్యి దించలేదు. ఆఫీసరు పెన్ను పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, వాడు జేబులోంచి తీసేదాకా చూస్తూ కూర్చున్నాడు.