మూడో వరస స్తంభాలు

1984 అక్టోబరులో కృపావరం డాలస్‌లో విమానమెక్కి, ఉత్తర కరోలినా కొండల అంచున ఉన్న ఓ చిన్న ఊరికి వెళ్లాడు. అక్కడ కుర్చీలు, బల్లలు తయారుచేసే ఫ్యాక్టరీలో అతని స్నేహితుడు నరసింహ ఇంజనీరు. వరంగల్‌లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్లు. ఒకరినొకరు చూసుకుని ఆరేళ్లయింది. నరసింహ, అతని భార్య జయంతి తమ ఇంటికి వచ్చి నాలుగు రోజులుండి పొమ్మని ఎన్నోసార్లు ఫోన్ చేశారు. చివరికి కృపావరం కదలడానికి స్నేహం ఒక కారణమైతే, ఆ ఊరిమీదుగా పోయే చిన్న రైలు మార్గం రెండో కారణం.

అది ఇరవై రెండు మైళ్ల మార్గం. రెండు పాత ఇంజన్లు, ఆరుగురు మనుషులు. ఫ్యాక్టరీకి కలప తేవడం, తయారైన సామాను జంక్షన్ దాకా చేర్చడం దాని పని. కృపావరం డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో హైవే వంతెనలు డిజైన్ చేసే ఆఫీసులో పనిచేసేవాడు. సెలవు దొరికితే చాలు, కెమెరా, ఏ ఫొటో ఎక్కడ తీసిందీ రాసుకునే నోటుబుక్కూ పట్టుకుని ఇలాంటి గూడ్సు బండ్లను వెతుక్కుంటూ పోయేవాడు. తండ్రి బిట్రగుంట రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌కు మేస్త్రీ. పట్టాల పక్కన పుట్టి పెరిగినవాడికి ఆ పిచ్చి ఎలా పట్టిందని అడగనక్కర్లేదు. పెద్ద కంపెనీల రైళ్లను ఫొటోలు తీసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ చిన్నవి మాత్రం ఏటా కొన్ని మూతపడుతున్నాయి. పట్టాలు ఊడబీకి పాత ఇనుము కింద అమ్మేస్తున్నారు. అవి పోకముందే తీసి పెట్టుకోవాలని అతని తాపత్రయం.

సోమవారం ఉదయం నరసింహ ఫ్యాక్టరీకి వెళ్లాక కృపావరం అద్దె కారులో బయల్దేరి, ఊరి బయట రోడ్డూ పట్టాలూ కలిసే చోట నిలబడ్డాడు. పది నిమిషాల్లో ఓ పచ్చ పికప్ ట్రక్కు వచ్చి ఎదురుగా ఆగింది. అందులోని మనిషి దిగలేదు. కారు నంబరు రాసుకున్నాడు. బండి వచ్చింది, కృపావరం ఫొటోలు తీశాడు. అక్కణ్ణుంచి ఆరు మైళ్ల అవతల దాణా గిడ్డంగి దగ్గరికి వెళ్తే, ఆ ట్రక్కు అక్కడికీ వచ్చింది. ఈసారి మనిషి దిగాడు. అరవై దాటినవాడు, పేరు హాలిస్, ఆ రైలు మార్గానికి సూపరింటెండెంటు. నిన్నెవరు పంపారని అడిగాడు. ఎవరూ పంపలేదు, సరదాకి తీసుకుంటున్నానన్నాడు కృపావరం. టెక్సాస్ నుంచి ఇంత దూరం సరదాకి వచ్చావా అని హాలిస్ అతని మెడలోని కెమెరా వంకా, దాని దూరపు లెన్సు వంకా, చేతిలోని నోటుబుక్కు వంకా చూశాడు. వెళ్లిపొమ్మనలేదు. అక్కడే నిలబడ్డాడు. బండి కదిలిపోయేదాకా కృపావరం వీపు మీద ఆ చూపు అలాగే ఉంది.

తన ఒంటి రంగు చూసి అనుమానపడ్డాడనుకున్నాడు కృపావరం. అలాంటివి అతనికి కొత్త కావు. కానీ నంబరు రాసుకున్న తీరు చూస్తే, తనకోసం ముందే ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

సాయంత్రం భోజనాల దగ్గర నరసింహ కబుర్ల మధ్యలో మీ ఆఫీసుకు క్లయింట్లెవరని అడిగాడు. హైవే డిపార్ట్‌మెంట్లేనా, రైల్‌రోడ్ కంపెనీలు కూడా ఉన్నాయా అన్నాడు. తర్వాత, రైల్వే వంతెనలు చూసి రిపోర్టులు కూడా రాస్తారా అన్నాడు. నువ్వు కూడా ఆ ట్రక్కాయనలాగే మాట్లాడుతున్నావేంట్రా అని కృపావరం నవ్వేశాడు. నరసింహ నవ్వలేదు. జయంతి తలెత్తకుండా పప్పు వడ్డించింది.

మర్నాడు పొద్దున కెమెరా బ్యాగు తెరిస్తే నోటుబుక్కు పై అరలో ఉంది. తాను ఎప్పుడూ కింది అరలో, ఫిల్ము డబ్బాల పక్కన పెడతాడు. తనే మర్చిపోయాడేమోనని సర్దిచెప్పుకోబోయాడు. మనసు ఒప్పుకోలేదు. కాఫీ ఇస్తూ జయంతి ఏదో చెప్పబోయి, రాత్రి నిద్ర పట్టిందా అన్నయ్యా అని మాత్రం అడిగింది.

మంగళవారం వాగు మీది కొయ్య వంతెన దగ్గరికి వెళ్లాడు. వాగుకు ఇవతల గట్టు మీద నిలబడితే వంతెన మొత్తం కనిపిస్తుంది. ఆకులు ఎర్రబారి ఉన్నాయి, మంచి వెలుతురు. కలప నింపిన ఐదు పెట్టెలతో బండి మెల్లగా వంతెనెక్కింది. లెన్సులోంచి చూస్తూ వరసగా నాలుగు ఫొటోలు తీసిన కృపావరం చెయ్యి ఐదోదానికి ఆగిపోయింది. ఒక్కో పెట్టె మూడో వరస స్తంభాల మీదికి రాగానే పట్టా రెండంగుళాలు కిందికి కుంగి, దాటగానే మళ్లీ లేస్తోంది. కొద్దిగా కదలడం మామూలే. ఇది మామూలు కాదు.

కిందికి దిగి చూశాడు. నీటి మట్టం దగ్గర ఆ స్తంభాలు నల్లబడి, అరచేత్తో కొడితే బోలుగా మోగాయి.

గట్టుమీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. చెబితే, నిజంగానే వంతెనలు చూడటానికి వచ్చాడంటారు. ఇవాళ్టిదాకా అనుమానం, రేపటినుంచి రుజువు. చెప్పకపోతే, రేపు పొద్దున అదే బండి అంతే బరువుతో ఇదే వంతెన ఎక్కుతుంది. ఫోన్ చేసి పేరు చెప్పకుండా పెట్టేద్దామా అని కూడా అనుకున్నాడు. ఆ ఆలోచనకు తనకే సిగ్గేసింది. నేరుగా హాలిస్ ఆఫీసుకు వెళ్లాడు.

చెప్పిందంతా విని హాలిస్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్‌స్పెక్టర్‌నని ఇప్పటికైనా ఒప్పుకున్నందుకు సంతోషమన్నాడు. జంక్షన్‌లోని పెద్ద కంపెనీ ఈ మార్గాన్ని మూయించాలని చూస్తోందనీ, ముందుగా సర్వే చేయడానికి ఎవరో ఒకరు వస్తారనీ తమకు తెలుసన్నాడు. పోయిన వారమే ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేసి, తమ ఇండియన్ ఇంజనీరు దగ్గరికి ఓ వంతెనల మనిషి వస్తున్నాడు, కనిపెట్టి ఉండమన్నాడట. ఆ మాట మేనేజరుకు చెప్పింది ఇంజనీరేనట.

 నన్ను నమ్మొద్దు, వచ్చి స్తంభాన్ని చూడండి అన్నాడు కృపావరం.

హాలిస్ వచ్చాడు. వంతెన కింద బురదలో నిలబడి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి స్తంభంలోకి నెట్టాడు. అది పిడిదాకా దిగిపోయింది. పక్క స్తంభంలోనూ అంతే. స్క్రూడ్రైవర్‌ను ప్యాంటుకు తుడుచుకుని, గట్టెక్కి ట్రక్కులోని వైర్‌లెస్‌లో రేపటి బండి ఆపేయమని చెప్పాడు. తర్వాత వెనక్కి తిరిగి, నిన్ను నిజంగా ఎవరు పంపారని మళ్లీ అడిగాడు.

సాయంత్రం ఆరింటికి నరసింహ వచ్చాడు. కబురు ఫ్యాక్టరీకి అప్పటికే చేరింది. బూట్లు కూడా విప్పకుండా హాల్లో నిలబడ్డాడు.

"మేనేజర్‌కు నా గురించి చెప్పింది నువ్వేనా?" అన్నాడు కృపావరం.

"నేనే చెప్పిన. బుధ, గురువారాలకు లీవ్ అడిగితే ఎవరొస్తున్నరన్నడు. బ్రిడ్జ్ ఇంజనీర్, ట్రెయిన్ ఫొటోలు తీస్తడన్న. ఆయన మొఖమే మారిపోయింది. ఇగ రోజూ అదే అడిగిండు. అడగంగ అడగంగ నాకు గూడ డౌటొచ్చింది."

"బ్యాగ్ కూడా నువ్వే చూశావా?"

"చూసిన. మైలు నంబర్లు, వంతెనల పేర్లు రాసుకున్నవ్. అవి చూస్తే ఏమనుకోవాలె?"

"నన్నడగాల్సింది కదరా."

"అడిగిన. నువ్వు నవ్వినవ్."

 తను నవ్విన మాట నిజమే.

ఈ లైన్ పోతే ఫ్యాక్టరీ పోతుందనీ, ఫ్యాక్టరీ పోతే తన గ్రీన్ కార్డ్ పోతుందనీ, దానికి ఫ్యాక్టరీ తరఫున ఫైల్ చేసి మూడేళ్లయిందనీ నరసింహ ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. టెక్సాస్‌లో హాయిగా సెటిలైనవాడికి ఇవేం తెలుస్తాయన్నాడు. చూసినవాడు చూసినట్టు ఊరుకుని పోతే ఏమయ్యేదన్నాడు.

జయంతి వంటింటి గుమ్మంలోంచి ఇవతలికి వచ్చింది.

"ఆ బండి మీద రోజూ ఇద్దరు మనుషులుంటరు," అంది భర్తతో. "వాళ్ల సంగతేందని నువ్వింకా ఒక్కసారి గూడ అడగలే."

నరసింహ సోఫాలో కూలబడి బూట్లు విప్పుకోసాగాడు.  కృపావరం మిగిలిన రెండు రోజులూ ఉండకుండా బుధవారమే వెళ్లిపోయాడు. కారు దాకా నరసింహే సూట్‌కేసు మోసుకొచ్చాడు. ఇద్దరూ చేతులు కలిపారు.

ఆ మార్గం మూతపడలేదు. ఏడు వారాలు పట్టింది వంతెన బాగుచేయడానికి. అన్నాళ్లూ ఫ్యాక్టరీ లారీల మీద కలప తెప్పించుకుంది, ఒక షిఫ్టు తగ్గించింది. నరసింహ ఉద్యోగం నిలిచింది. ఊళ్లో కొందరు మాత్రం ఆ సర్వే మనిషిని తెచ్చింది ఇతనేనని చాలాకాలం అనుకున్నారు. క్యాంటీన్‌లో అతని బల్ల దగ్గర కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. ఆ సంగతి జయంతి ఫోన్లో చెప్పింది.

రెండేళ్ల తర్వాత గ్రీన్ కార్డ్ వచ్చింది. నరసింహ ఇర్వింగ్‌లో ఓ ఇంటర్వ్యూకి వస్తూ, వారం రోజులు నీ దగ్గర ఉండొచ్చా అని అడిగాడు. అడగడానికి చాలాసేపు తటపటాయించాడు. కృపావరం వెంటనే రమ్మన్నాడు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లి తీసుకొచ్చాడు, ఇంటి తాళం చెవి ఒకటి చేతికిచ్చాడు. ఆ వారమంతా ఇద్దరూ హాస్టల్ రోజుల కబుర్లు చెప్పుకున్నారు, కలిసి వండుకున్నారు. రోజూ ఆఫీసుకు వెళ్లేముందు కృపావరం తన గదిలో కెమెరా బ్యాగు పెట్టుకునే బీరువా ముందు ఒక్క క్షణం ఆగేవాడు. ఒక్కరోజు కూడా దానికి తాళం వేయలేదు. వేయాలనిపించిన సంగతి నరసింహకు ఎప్పటికీ చెప్పలేదు.