పై వరస పది జతలు

నీళ్లలో నానీ నానీ ఆమె వేళ్లు ముడతలు పడ్డాయి. పదో జత రబ్బరు గ్లౌజులో నీళ్లు నింపి మూతి బిగించి పట్టుకుంది. చిటికెన వేలి చివర ఒక బొట్టు ఊరింది. దాని వెనకే ఇంకొకటి. కారుతున్న జతల్లో ఇది నాలుగోది.

"ఏంటమ్మా, పెట్టె అడుగుదాకా తవ్వుతున్నావు?"

సూపర్‌వైజరు వెనకే నిలబడి ఉన్నాడు. నడిస్తే చప్పుడు కాదని ఆడవాళ్లు ఆయనకు పిల్లిసారు అని పేరు పెట్టారు.

"చీటీలు తీశాను సార్. ఏ నంబరొస్తే ఆ జత."

"ఇదేమన్నా లాటరీనా?"

ఆ ఫ్యాక్టరీలో పద్ధతి ఒక్కటే. పెట్టెకు వంద జతలు. పై వరసలో పది జతలు చూసి, కాగితం మీద 'బాగున్నవి' అని రాసి సంతకం పెట్టాలి. ఆ పై వరస ఎవరు సర్దుతారో ఎవరూ అడగరు. రెండేళ్లుగా ఆమె కూడా అడగలేదు. డిగ్రీ స్టాటిస్టిక్స్ పరీక్షకు సొంతంగా చదువుకుంటూ మూడో పాఠంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. నమూనా తీసేటప్పుడు ప్రతి వస్తువుకూ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలట.

పాఠాలు అప్పజెప్పించుకునేది మొగుడే. పెళ్లయి నాలుగు నెలలు. పొద్దున్నే ఒకే గ్లాసులో టీ పంచుకుంటారు. పాఠంలోని క్రమవిచలనం అనే లెక్కను అతను క్రమశిక్షణ అని చదివిన రోజు ఇద్దరికీ పొలమారింది. నిన్న మాత్రం అతను పేజీ తిప్పలేకపోయాడు. అద్దకం పనిలో రంగునీళ్లు తగిలి వేళ్ల సందులు పుళ్లు పడ్డాయి.

"గ్లౌజులు తొడుక్కోలేదా బావా?"

"తొడుక్కున్నానే. మీ ఫ్యాక్టరీవే. నువ్వు ముట్టుకున్నవేమోనని ముద్దుగా చూసుకుంటున్నా కూడా."

ఆమెకు నవ్వు రాలేదు.

పిల్లిసారు తొట్టి పక్కనున్న ఆమె నోటు పుస్తకం తీసి తిరగేశాడు. "ఎవరికమ్మా ఈ లెక్కలు? పక్క కంపెనీవాళ్లకా?"

"పరీక్షకు సార్."

"చదువుకునేవాళ్లు ఇక్కడ నీళ్లెందుకు పోస్తారు?"

"నిజమే సార్," పక్క తొట్టి దగ్గరి పెద్దామె అందుకుంది. "మూడు నెలల్నించి ఆ సగటులు చెప్పి మా బుర్రలు తింటోంది. పక్క కంపెనీవాళ్లయితే ఎప్పుడో పారిపోయేవాళ్లు."

ఆయన నవ్వలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం కొంచెం పైకి లాగాడు. ఆమె పరీక్ష దరఖాస్తు. పనిచేసే చోట సంతకం లేనిదే తీసుకోరు. వారం నుంచీ ఆ జేబులోనే ఉంది. గడువు ఈ సాయంత్రం ఐదింటిదాకా. ఇప్పుడు నాలుగున్నర.

"పది జతలూ బాగున్నాయని రాయి. దీని మీద నేను సంతకం పెడతా. ఇద్దరి పనీ అయిపోతుంది."

"రాసెయ్యవే," పెద్దామె గొంతు తగ్గించింది. "ఏడాది చదువు పోతుంది."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. పెన్ను అందుకుంది. 'పది జతల్లో నాలుగు కారుతున్నవి' అని రాసి, కింద సంతకం పెట్టి, కాగితం ఆయన ముందుకు జరిపింది.

పిల్లిసారు రెండుసార్లు చదివాడు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్లింది. దరఖాస్తు బయటికి రాలేదు.

"అత్తా, ఇంకో పెట్టె దించు," అంది పెద్దామెతో.