రెండు నిమిషాలు

తడి దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె ఆనుతుంది — చుయ్‌మని ఆవిరి.

వేడి. సబ్బు వాసన. మళ్ళీ ఆవిరి.

ఈ పని ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. రోజుకు రెండొందల దుప్పట్లు. ఒక్క ముడత కనిపిస్తే చూపించమంటుంది. అలాంటి మనిషికి ఇప్పుడు పొద్దున లేచేసరికి వేళ్ళు ముడుచుకోవు. కణుపులు వాచి, బిగుసుకుపోయి... గంట గడిస్తే గాని గ్లాసు పట్టుకోలేదు. దానికి తోడు బీపీ.

పద్నాలుగు నెలలుగా.

లాండ్రీలో బాయిలర్ పేలి కూడా పద్నాలుగు నెలలే. లోపల మిషన్ దగ్గరున్న ఆడపడుచు పోయింది. గలగలా మాట్లాడేది గనక ఇంట్లో అందరికీ ఆ పిల్ల వసపిట్ట. ఇప్పుడు ఆ పేరు ఎవరూ ఎత్తరు.

అక్కడే పనిచేసే భార్యాభర్తలకు మాత్రం చిన్న గాయమైనా కాలేదు. అదృష్టవంతులన్నారు అందరూ.

అదృష్టం! వినడానికి బాగానే ఉంటుంది.

ఇవాళ ఆసుపత్రి వరండా. కీళ్ళ డాక్టరు గది ముందు ఆమె. ఎదురుగా కడుపు డాక్టరు గది ముందు, ఫైలు ఒళ్ళో పెట్టుకుని — ఓవర్‌టైం ఉందని పొద్దున్నే వెళ్ళిన భర్త.

"ఓవర్‌టైం ఇక్కడ పెట్టారా?" అంది ఆమె.

"నువ్వు మీ అక్క ఇంటికన్నావుగా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది. ఆమె అతని మణికట్టు పట్టుకుని తన డాక్టరు గదిలోకే లాక్కెళ్ళింది.

కడుపులో మంట ఎప్పట్నుంచని డాక్టరమ్మ అతన్ని అడిగింది.

పద్నాలుగు నెలలు.

ఆవిడ రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టింది. అప్పుడేం జరిగిందని అడిగింది. ఆమె చెప్పింది. చప్పుడు, ఆవిరి, అరుపు... తడబడకుండా చెప్పింది.

అంత భయం లోపలే ఉండిపోతే ఒళ్ళు కూడా జబ్బు పడొచ్చంది డాక్టరమ్మ. అన్నీ దానివల్లేనని మాత్రం అననంది. మందులు మానొద్దంది. మనసుకు వైద్యం చేసే డాక్టరుకు ఇద్దరి పేర్లతో చీటీ రాసింది.

అప్పుడు అతను, నేల చూస్తూ —

"దాన్ని అక్కడ నిలబెట్టింది నేనే. రెండు నిమిషాలు నా మిషన్ చూడు, టీ తాగొస్తానన్నాను."

"నాకు తెలుసు," అంది ఆమె. "మేడ మీద దుప్పట్లు ఆరేస్తూ చూశాను, మీరు రోడ్డు దాటడం."

"మరి ఇన్నాళ్ళూ..."

"మీరే చెబుతారని."

కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. అతని భుజాలు కదిలిపోయాయి. దుఃఖం దాచుకునే ఓపిక ఇక లేదు.

"వసపిట్ట..." అన్నాడు.

రేపు పొద్దున ఆమె వేళ్ళు వాస్తాయి. అతని కడుపు మండుతుంది. ఇద్దరికీ తెలుసు.

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, మిగతా మాట కోసం కూర్చుంది.