వంటింటి కిటికీ

మా ఊళ్ళో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. మేరిమ్‌ను మట్టిచేసిన రోజున సైరాగుల్ ఇంటి ముందు వేసిన గుడారంలోనే ఏడుస్తూ ఉండిపోయింది. మగవాళ్ళం కొండ ఎక్కి, కూతురిని అక్కడ వదిలి వచ్చాం. ఆ తర్వాత నా భార్యకు మిగిలింది వంటింటి కిటికీ. నారిన్ నదికి అవతల, ఎర్రమట్టి వాలు మీద ఉన్న సమాధి అందులోంచి కనిపిస్తుంది. టీ కాస్తూ చూస్తుంది. గిన్నెలు కడుగుతూ చూస్తుంది.

ఈ వసంతంలో గని వాళ్ళు తవ్వి తీసిన రాళ్ళను అవతలి ఒడ్డున దిబ్బగా పోస్తామన్నారు. వాళ్ళకు మ్యాపులు చేసిపెట్టడానికి బూరుల్ వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర భూగోళం చదువుకున్న పిల్ల. మా బడిలోనే కంప్యూటరు పెట్టుకుంది. ఎక్కడ నిలబడితే ఏది కనిపిస్తుందో కొండల ఎత్తులు లెక్కగట్టి చెబుతుంది ఆ సాఫ్ట్‌వేరు. కనిపించే చోటు ఆకుపచ్చ, కనిపించనిది ఎరుపు.

"మా కిటికీ కూడా చూడమ్మా," అన్నాను.

ఆమె దిబ్బను పూర్తి ఎత్తుకు పెంచి, సమాధి మీద గుర్తు పెట్టింది. కాసేపటికి ఊరంతా ఎర్రబడింది. పైన బోడిమెట్ట ఒక్కటే పచ్చగా మిగిలింది. కీళ్ళ నొప్పులతో సైరాగుల్ ఆ మెట్ట ఎక్కలేదు.

"మనిషి ఎత్తు ఎంత వేశావు?"

"నిలబడితే సైరాగుల్ అక్క కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో అంత."

"గుర్రం మీద ఉన్నట్టు వెయ్యి."

"వంటింట్లో గుర్రమెక్కుతుందా అక్క?" అని నవ్వింది. నేను నవ్వకపోవడం చూసి, వేసింది. ఎరుపే.

"ఇంటికప్పు ఎక్కితే?"

ఎరుపే.

"పోనీ, సమాధి పెంచితే? ఇటుకలతో గుమ్మటం కట్టిస్తాను."

చాలాసేపు అంకెలు మార్చి చూసింది. "ఇరవై మీటర్లు లేపాలి మాస్టారూ. ఈ లోయను ఏలిన ఏ ఖానుకీ అంతది కట్టలేదు."

"దిబ్బనే కాస్త జరపమని చెప్పరాదూ?"

"చెప్పాను. రోడ్డు మీద పోయే టూరిస్టులకు కనపడకూడదనే ఆ చోటు ఎంచారట. కిటికీల సంగతి మాకెందుకు అన్నారు." తల ఎత్తకుండానే కంప్యూటరు మూసేసింది.

ఇంటికి వచ్చేసరికి సైరాగుల్ గిన్నెల్లో టీ పోసి ఉంచింది.

"ఏమంది ఆ పిల్ల?"

"కనపడదట."

"స్టూలు వేసుకుని నించున్నా?"

"కప్పెక్కినా."

"అంత దూరం అడిగావా!" అంది. నా గిన్నెలో టీ చల్లారిపోతే పారబోసి, మళ్ళీ పోసింది.

వేసవి అంతా లారీలు తిరిగాయి. దిబ్బ సమాధి కిందనున్న పొదలను మింగింది. తర్వాత కాలిబాటను మింగింది. మేమిద్దరం భోజనాల బల్లను కిటికీ దగ్గరకు జరుపుకున్నాం.

శరత్కాలంలో ఒక పొద్దున సైరాగుల్ తన పెళ్ళినాటి ఉన్ని తివాచీని పెట్టెలోంచి తీసింది. దాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుని కొలత చూసుకుంది.

"ఇంకా కనిపిస్తోందిగా," అన్నాను.

"కనిపిస్తుండగానే వేసేస్తాను. కళ్ళముందే పోతుంటే చూడటం ఒక్కసారి చాలదా?"

సుత్తి నా చేతికిచ్చింది. నాలుగు మూలలా మేకులు కొట్టాను.