రెండో పొయ్యి

"రేపటి సంది మనింట్ల రెండు పొయ్యిలు," అన్నడు ఓదెలు, నేను బియ్యం కడుగుతుండంగ. ఓదెలు నా మొగుడు. ఏ మాటైనా నేను పనిల ఉన్నప్పుడే చెప్తడు. చేతులు ఖాళీగ ఉంటే ఎదురడుగుతనని భయమో ఏమో.

శేరిలింగంపల్లి నాలా పొంట ఉన్న మా రేకుల ఇండ్లన్ని రోడ్డు కింద పోతున్నయి. ఇల్లు పోయినోళ్లకు ప్రభుత్వం కుటుంబానికో ఇల్లు ఇస్తదట. కుటుంబమంటే ఏందని బస్తోళ్లు అడిగితే, సర్వే మేడం ఒక్క ముక్కల చెప్పిందట: ఒక్క పొయ్యి మీద వండుకొని తినేటోళ్లంత ఒక్క కుటుంబం. అది విన్నంక ఓదెలుకు, మా మరిది నరేందర్‌కు బుర్ర పాదరసమైంది. ఇంటెనుక తడికె చాటుకు కట్టెలపొయ్యి పెట్టాలె. మా అత్త పోచమ్మ, నరేందర్ ఆడ తింటున్నట్టు చూపియ్యాలె. ఇల్లొకటి పోతే రెండొస్తయి.

"మరి దాని మీద వండేదెవరు?"

పొద్దు ఎందుకు పొడుస్తదని అడిగినట్టు చూసిండ్రు అన్నదమ్ములు. "నువ్వే గద వదినె," అని నవ్విండు నరేందర్. "కుటుంబాలు రెండైనంక నువ్వు రెండైతవా ఏంది?"

ఇగ మొదలైంది. తెల్లారంగనే లోపల గ్యాసు మీద ఒక పప్పు, బయట కట్టెల మీద అదే పప్పు. "మసి బాగ పట్టాలె, లేకుంటె నమ్మరు," అని ఓదెలు పచ్చికట్టెలు తెచ్చి పడేసేటోడు. పొగకు కండ్లు మండుకుంట పోయి అద్దాల బిల్డింగుల బండలు తుడిచేదాన్ని. కండ్లెందుకు ఎర్రగున్నయని సూపర్‌వైజర్ అడిగితే, మాది పెద్ద సంసారం సార్ అన్న. మా అత్త బయటి పప్పుల ఉప్పు చాల్లేదని లోపలి పప్పు తెప్పిచ్చుకునేది. నరేందర్ రెండు కుటుంబాల్లోను తినేటోడు.

తుడుచుకుంట తుడుచుకుంట ఆలోచన చేసేదాన్ని. మనుషుల్ని పొయ్యితోటి లెక్కపెట్టాలని ఎవరికి తట్టిందో! గొడవైనప్పుడల్ల ఓదెలు, "ఇది మా నాయిన ఏసిన ఇల్లు, బయటికి నడువు," అంటడు. ఒకసారి నడిచిన గూడ, వానల. రేపు ఈ ఇల్లు కూలితే నన్ను దేంట్లకెళ్లి వెళ్లగొడ్తడు? కొత్తదాంట్లకెళ్లి. అది గూడ ఆయన పేరు మీదనే వస్తది గద.

సర్వే మేడం కృష్ణప్రియ పక్క గల్లీల ఇండ్లు కొలుస్తుంటే నల్లా కాడ ఆపిన. "మేడం, ఒక్క అనుమానం. మొగుడున్న ఆడిది ఏరే పొయ్యి పెట్టుకుంటే?"

ఆమె టేపు చుట్టుకుంట నా దిక్కు చూసింది. "నిజంగా విడిగా ఉండి, విడిగా వండుకు తింటుంటే విడి కుటుంబమేనండి. భర్త ఉన్నాడా లేడా అన్నది కాదు. ఎవరన్నం ఎవరు తింటున్నారో చూస్తాం. పక్కింటివాళ్లనీ అడుగుతాం. అబద్ధమని తేలితే ఇద్దరికీ రాదు. ఎందుకండీ?"

"ఊకెనే మేడం. తెల్సుకుందామని."

ఊకెనే అన్న గని, ఆ మాట నన్ను పట్టుకుంది. ఎవరన్నం ఎవరు తింటున్నరు? నా అన్నం అందరు తింటున్నరు, నేను తప్ప. నాది ఎప్పుడు గిన్నె అడుగు మాడు, సల్లబడ్డ చారు. ఆ సాయంత్రం బయటి పొయ్యి మీద చిన్న గిన్నెల నాకొక్కదానికే వండుకొని, పొగలు కక్కుతుండంగనే తిన్న. నాలిక చుర్రుమంది. వేడన్నం గిట్లుంటదా అనిపిచ్చింది. చాప గూడ తడికె చాటుకే తెచ్చుకున్న.

"ఏమే, మాకేది?" లోపల్నుంచే అరిచింది అత్త.

"మీ పొయ్యి లోపలి గ్యాసుది అత్తా, మీరే వండుకోండ్రి. ఇది ఏరే కుటుంబం. నీ కొడుకులే చెప్పిండ్రు."

ఓదెలు ముందుగాల మురిసిండు. "శభాష్, సర్వే అయ్యేదాక గిట్లనే ఉండు," అన్నడు. నేను నటిస్తున్న అనుకున్నడు. కడుపు కాలినంక తెల్సింది. గిన్నెలు ఇసిరికొట్టిండు, తిట్టిండు, బయటికి నడువు అనబోయి ఆగిండు. నేను బయటనే ఉన్న గద.

కృష్ణప్రియ మేడం మా ఇంటికొచ్చిన రోజు అన్నదమ్ములు ఇస్త్రీ అంగీలేసుకున్నరు. వెనుకకొచ్చి, "ఈ పొయ్యి ఎవరిదండి?" అని అడిగింది.

"మా తమ్మునిది, మా అమ్మది మేడం," అన్నడు ఓదెలు. నరేందర్ తలూపిండు.

తడికె అవతల బట్టలారేస్తున్న పక్కింటి భవానిని అడిగింది మేడం. భవాని నా మొఖం చూసింది, ఓదెలు మొఖం చూసింది. "ఆడ ఈ పుణ్యవతక్క ఒక్కతే వండుకుంటది, ఒక్కతే తింటది, ఆన్నే పంటది. నేనైతే ఇంకెవర్ని చూడలె."

మేడం నా దిక్కు తిరిగింది. ఓదెలు అడ్డమొచ్చిండు. "ఇంటిపెద్దను నేను మేడం, నన్నడుగుండ్రి. దానికేం తెల్సు?" అని, పండ్లు బిగవట్టి నాకు మాత్రమే ఇనవడేటట్టు, "నోరు మూస్కో, రెండిండ్లు పోతయ్," అన్నడు.

పోతే పోనీ అనుకున్న. ఆయన ఇంట్ల నాకెప్పుడు చోటు లేకుండె, ఆ ఇల్లు ఎన్నైతే నాకేంది?

"పొయ్యి నాది మేడం," అన్న. "నా మొగుడు లోపలి గ్యాసుపొయ్యి కాడుంటడు. ఆయన పేరు ఆడ రాస్కోండ్రి."