కోడూరు బస్సులో దుప్పటి అంచు

పొద్దున పదిగంటలకు ఫోను మోగేసరికి చెంచులక్ష్మి గడప దగ్గర కూర్చుని దుప్పటి అంచు అల్లుతోంది. నెల్లూరు నుంచి సుభాషిణి. చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్న స్నేహితురాలు.

"మే చెంచూ! ఆనందకుమారి మేడం రిటైర్మెంటు ఫంక్షను శనివారం కాదంట. హాలు దొరకలేదంట. ఈరోజే, మూడు గంటలకి!"

ఆ ఫంక్షనులో మేడంకి ఇవ్వాలనే చెంచులక్ష్మి ఈ దుప్పటి అల్లుతోంది. అంచు ఇంకా ఒకటిన్నర వైపు మిగిలే ఉంది.

ఎనిమిది నెలల పని అది. నూటనలభై నాలుగు చదరాలు. చిలకపచ్చ పక్కన నారింజ, నారింజ పక్కన వంగపండు రంగు, మధ్య మధ్య గులాబి. "ఈ ఉక్కలో ఊలు దుప్పటి ఎవురు కప్పుకుంటారే?" అని నవ్విన మొగుడు కామాక్షయ్యే, చేపలమ్మడానికి నెల్లూరు పోయినప్పుడల్లా అడిగిన రంగు వెతికి తెచ్చేవాడు.

ఆనందకుమారి మేడం బళ్ళో క్రోషా అల్లిక నేర్పేది. ఎనిమిదో తరగతిలో చెంచులక్ష్మిని బడి మాన్పించి ఎండుచేపల పనిలో పెడితే, మేడం రెండుసార్లు పల్లెకు వచ్చి బతిమాలింది. తండ్రి వినలేదు. రెండోసారి మేడం వెంటనే వెళ్ళిపోలేదు. వసారాలో చాప మీద కూర్చుని, ఆ ఏడాది నేర్పాల్సినదంతా ఒక్క మధ్యాహ్నంలో నేర్పేసి, ఆఖరు బస్సుకు పోయింది.

"అంచు లేకుండా ఇచ్చేస్తే ఏమే?" అన్నాడు కామాక్షయ్య.

"నేనియ్యను" అంది చెంచులక్ష్మి. వీలైనంత అల్లి, స్నానం చేసి, పట్టుచీర కట్టి, దుప్పటినీ ఊలు ఉండనూ సంచిలో కుక్కుకుని రెండుగంటల బస్సెక్కేసింది.

కిటికీ పక్క సీటులో కూర్చుని దుప్పటి తీయగానే బస్సులో సగం రంగులమయమైపోయింది. పక్కనున్న ఆమె కొంగు సర్దుకుని, "యా అల్లా, ఎంత బాగుందమ్మా!" అంది. ఆమె పేరు అక్తరున్నీసా. తోటపల్లి గూడూరులో టైలరింగు చేస్తుంది. సంగతి వినగానే దుప్పటి బరువంతా తన ఒళ్ళోకి లాక్కుంది. "నువ్వు అల్లుకో. నేను తిప్పతా ఉంటా."

కండక్టరు వచ్చి కళ్ళు పెద్దవి చేశాడు. "ఆడోళ్ళకి ఫ్రీనే అక్కా. దుప్పటికి మాత్రం టిక్కెట్టు కొట్టాల."

బస్సంతా నవ్వింది. అల్లేది ఎవరికో, ఎందుకో నిమిషంలో వెనక సీటుదాకా పాకిపోయింది. నిలబడ్డ ఇద్దరు మగవాళ్ళు, కొస నేలకు తగలకుండా చెరోవైపు పట్టుకున్నారు.

ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది. ఊలు ఉండ ఒళ్ళోంచి దూకి, సీట్ల కింద దొర్లుకుంటూ డ్రైవరు దాకా పోయింది.

"పట్టుకోండయ్యా! తెంపబాకండి!"

దారం ఒక రొయ్యల బుట్టకూ, ఒక పెద్దాయన చేతికర్రకూ చుట్టుకుంది. ఒకరు బుట్ట ఎత్తారు, ఇంకొకరు కర్ర లేపారు. ఉండ చేతులు మారుతూ మళ్ళీ చెంచులక్ష్మి దగ్గరికి వచ్చింది. ఆమె వేళ్ళు ఆగనేలేదు.

"నెల్లూరొచ్చేస్తా ఉంది!" అని ఎవరో అరిచారు.

"ఇంకా జానెడుంది!" అంది అక్తరున్నీసా.

డ్రైవరు అద్దంలో చూసి వేగం తగ్గించాడు. వెనక లారీ హారను కొడుతున్నా పట్టించుకోలేదు. చివరి కుట్టు పడింది. అక్తరున్నీసా సంచిలోంచి కత్తెర తీసి దారం టక్కున కత్తిరించింది. చప్పట్లు, ఈలలు. డ్రైవరు రెండుసార్లు హారను మోగించాడు. చెంచులక్ష్మి నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, దుప్పటి మడతపెట్టడం మాత్రం చేత కావడం లేదు.

ఆటోలో హాలు చేరేసరికి మూడున్నర. వేదిక మీద మేడం తెల్లజుట్టుతో, మెడనిండా దండలతో కూర్చుని ఉంది. ఒకరి తర్వాత ఒకరు శాలువాలు కప్పుతున్నారు. చెంచులక్ష్మి వరసలో నిలబడలేదు. నేరుగా మెట్లెక్కి దుప్పటిని మేడం ఒళ్ళో పరిచేసింది.

మేడం ఆమె మొహం చూడలేదు. ముందు దుప్పటి చూసింది. అంచు వెంబడి వేలు పోనిచ్చింది. మూల దగ్గర ఆగింది.

"ఎవరు నువ్వు?"

"చెంచులక్ష్మిని మేడం. కోడూరు."

మేడం తలెత్తింది. ఆమె చెయ్యి చెంచులక్ష్మి మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"చెంచూ! ఈ మూల ముడుచుకోకుండా ఎట్టా తిప్పినావే? నేను నీకిది నేర్పలేదే."

"నేనే కనిపెట్టినా మేడం. మూడు నెలలు ఊడదీసి ఊడదీసి."

"నాకెప్పుడూ మూల ముడుచుకునే పోయేది. ఏదీ, చూపించు."

"ఇప్పుడా మేడం? అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ" అంటూ మేడం దండలు తీసి కుర్చీకి తగిలించింది. మైకు ముందు ఎవరో పెద్దమనిషి ఆమె సేవల గురించి చెబుతూనే ఉన్నాడు. చెంచులక్ష్మి వేదిక మీదే కింద కూర్చుని సంచిలోంచి మిగిలిన గులాబి ఊలు తీసింది. మేడం కళ్ళద్దాలు సవరించుకుని, చీర కుచ్చెళ్ళు పట్టుకుని, మెల్లగా వంగి ఆమె పక్కన చతికిలబడింది.

"నెమ్మదిగా చూపించవే" అంది. "నాకు చూపు ఆనదు."